బ్లాక్‌వెల్ వాళ్ల గోడ చార్టు: పని డైరీ, తప్పులతో సహా

పని ఏంటంటే, మా ఆదివారం తెలుగు బడి గోడకి ఆరడుగుల చార్టు ఒకటి చెయ్యాలి. అమెరికాలో మెడికల్ డిగ్రీ తీసుకున్న మొదటి మహిళ ఎలిజబెత్ బ్లాక్‌వెల్, ఆమె కుటుంబం, వాళ్లు ఇంగ్లండ్ నుంచి ఎలా వచ్చారు, అన్నీ తెలుగులో. మేముండేది సిన్సినాటి పక్కన. వాళ్ల నాన్న పోయిందీ ఈ ఊళ్లోనే కాబట్టి ఈ కుటుంబాన్ని ఎంచుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెప్తా.

మొదటి వారం ఉత్సాహం సంగతి వదిలేస్తున్నా. దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఇలాంటి చార్టు మీరు ఎవరిదైనా చెయ్యాలనుకుంటే నేను పడ్డ గుంటల్లో మీరు పడకుండా ఉంటారని రాస్తున్నా, అంతే.

దశ 1: వేరే బ్లాక్‌వెల్‌లు

వెతికి దొరికిన ప్రతి పేరూ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టేశాను. 63 పేర్లయ్యాయి. చాలా గొప్పగా అనిపించింది. తీరా చూస్తే అందులో సగం పైన మనవాళ్లే కాదు.

ముగ్గురు నన్ను బాగా తిప్పారు. ఒకామె పేరు కూడా అచ్చంగా ఎలిజబెత్ బ్లాక్‌వెల్. ఆవిడ 18వ శతాబ్దపు స్కాట్లండ్ మనిషి, మందు మొక్కల బొమ్మలు వేసేది, 1758లో పోయింది. "మెడిసిన్", "బ్లాక్‌వెల్" అని కలిపి వెతికితే ఆవిడా వస్తుంది మరి. రెండోది న్యూయార్క్‌లో ఈస్ట్ రివర్ మధ్యన ఉన్న బ్లాక్‌వెల్స్ ఐలండ్. ఇప్పుడు దాన్ని రూజ్‌వెల్ట్ ఐలండ్ అంటున్నారు. మన డాక్టరమ్మ ఆసుపత్రి పెట్టింది కూడా న్యూయార్క్‌లోనే కాబట్టి ఆ దీవి వీళ్లదే అనుకుని, ఒక శని ఆదివారం మొత్తం దాని పాత యజమానుల వెనక పడ్డాను. ఆ బ్లాక్‌వెల్‌లు 17వ శతాబ్దం నుంచీ అక్కడ ఉన్నవాళ్లు, వీళ్లకీ వాళ్లకీ ఏ చుట్టరికమూ లేదు. మూడోది మనిషి కూడా కాదు, న్యూజెర్సీలో ఎలిజబెత్ అనే ఊరు. ఈ కుటుంబం కోడలు ఆంటోనెట్ ఆ ఊళ్లోనే 1921లో చనిపోయింది, దాంతో "ఎలిజబెత్, బ్లాక్‌వెల్, మరణం" అని కొడితే వచ్చేది ఆవిడ. కోడలి మరణం తేదీని ఆడపడుచు గడిలో ఎక్కించి రెండు రోజులు గమనించలేదు.

మార్చింది ఇదీ:
1. పేరుతో వెతకడం మానేశాను. పేరు, పుట్టిన ఏడాది, ఊరు, ఈ మూడింటిలో కనీసం రెండు కలిస్తేనే షీటులోకి రానిస్తా.
2. ప్రతి విషయానికీ ఒక గ్రేడ్. ఆ రోజుల్లోనే రాసిన రికార్డయితే ఏ. ఇంట్లో వాళ్లు తర్వాత ఉత్తరాల్లోనో జ్ఞాపకాల్లోనో రాసుకున్నదైతే బి. ఇంకెవరో కట్టిన వంశవృక్షంలోంచి ఎత్తుకొచ్చినదైతే సి.
3. సి గ్రేడ్‌ది ఏదీ గోడ మీదకి ఎక్కదు.

ఇప్పటికి లెక్క: పేర్లు 63 నుంచి 19కి దిగాయి. గంటలు 11. డాలర్లు 0.

దశ 2: పుట్టుక, ఓడ

ఎలిజబెత్ పుట్టింది 1821 ఫిబ్రవరి 3, బ్రిస్టల్‌లో. తండ్రి సామ్యూల్‌ది చక్కెర శుద్ధి చేసే కార్ఖానా, తల్లి హన్నా లేన్. ఈ తేదీకి "ఏ" గ్రేడ్ కాగితం కావాలని ఇంగ్లండ్ జనన రిజిస్టర్లలో కూర్చున్నాను. అక్కడ ప్రభుత్వం పుట్టుకలూ చావులూ రాయడం మొదలుపెట్టిందే 1837 జూలై 1న. 1821లో పుట్టిన పిల్ల అందులో ఎలా ఉంటుంది? సరే, చర్చి రిజిస్టర్లు చూద్దామని ఆంగ్లికన్ చర్చి బాప్తిస్మాల్లోకి వెళ్లా, అక్కడా లేదు. దీనికి కారణం తెలియడానికి నాకు నాలుగు గంటలు పట్టింది, మీకు నాలుగు సెకన్లు చాలు. వీళ్లు ఆంగ్లికన్లు కారు, ఇండిపెండెంట్లు, అంటే ప్రభుత్వ చర్చికి బయట ఉన్న శాఖ వాళ్లు. ఆ శాఖల రిజిస్టర్లు వేరు, వాటిని తర్వాత ప్రభుత్వం తెప్పించుకుని విడి కట్టగా భద్రపరిచింది. కాబట్టి ముందు మతశాఖ ఏమిటో కనుక్కుని ఆ తర్వాతే రిజిస్టర్ తెరవండి. పుట్టిన తేదీ ప్రస్తుతానికి బి గ్రేడ్‌తోనే ఉంచాను.

ఓడ దగ్గర అంతకన్నా సిగ్గుపడే తప్పు చేశాను. అమెరికాకి ఓడలో వచ్చారంటే ఎల్లిస్ ఐలండే కదా అని నేరుగా అక్కడికి పోయా. అది తెరిచింది 1892లో. దాని ముందుది క్యాసిల్ గార్డెన్, అదీ 1855లోనే మొదలైంది. వీళ్లు బ్రిస్టల్‌లో కాస్మో అనే ఓడ ఎక్కింది 1832 ఆగస్టులో. అప్పటికి వలసదారుల కోసం కట్టిన కేంద్రమే లేదు. 1819 చట్టం ప్రకారం ఓడ కెప్టెన్ ప్రయాణికుల జాబితా రాసి కస్టమ్స్ వాళ్లకి ఇచ్చేవాడు, 1820 నుంచి ఉన్నవి అవే. ఆ జాబితాలో పేరు, వయసు, ఆడా మగా, వృత్తి, ఏ దేశం, ఎక్కడికి అని ఉంటుంది. ఏ ఊళ్లో పుట్టారో ఉండదు. చేతిరాత చూస్తే మా తాతయ్య వైద్యుడి చీటీయే నయం.

ప్రయాణం దాదాపు ఏడు వారాలు. ఓడెక్కిన పిల్లలు ఎనిమిది మంది: అన్నా, మరియన్, ఎలిజబెత్, సామ్యూల్, హెన్రీ, ఎమిలీ, ఎలెన్, హోవార్డ్. తొమ్మిదోవాడు ఓడ దిగాక అదే ఏడాది న్యూయార్క్‌లో పుట్టాడు, వాడికి జార్జ్ వాషింగ్టన్ అని పేరు పెట్టారు. అంటే హన్నా గారు ఏడు వారాలూ కడుపుతో, ఎనిమిది మంది పిల్లల్ని వెంటేసుకుని ఆ ఓడలో ఉంది. ఎలిజబెత్‌కి అప్పుడు పదకొండేళ్లు. మా అమ్మాయికీ ఇప్పుడు పదకొండే. పద్దెనిమిది గంటల విమానంలో అది పెట్టిన గొడవ గుర్తొచ్చి కాసేపు షీటు మూసేశా.

లెక్క: పేర్లు 19. విషయాలు 48, అందులో ఏ 6, బి 15, సి 27. గంటలు 26. డాలర్లు 0.

దశ 3: జనాభా లెక్కల్లో లేని మనిషి

న్యూయార్క్, జెర్సీ సిటీ అయ్యాక 1838లో కుటుంబం సిన్సినాటికి మారింది. కొన్ని నెలలకే, ఆగస్టులో, తండ్రి పోయాడు. తల్లీ పెద్ద కూతుళ్లూ ఇంట్లోనే బడి పెట్టి ఇల్లు నెట్టుకొచ్చారు.

మా ఊరు కదా, తండ్రి ఆస్తి కాగితాలు ఏమన్నా ఉంటాయేమోనని సెలవు పెట్టి వెళ్లాను. వెళ్లే ముందు చదువుకోవాల్సింది వచ్చాక చదివా: 1884 మార్చిలో ఇక్కడ పెద్ద అల్లర్లు జరిగి హామిల్టన్ కౌంటీ కోర్టు భవనాన్ని తగలబెట్టారు, పాత కాగితాలు బోలెడు అందులో పోయాయి. పార్కింగ్ 8 డాలర్లు, ఏవో జిరాక్సులు 3 డాలర్లు. ఏ కౌంటీకి వెళ్లినా ముందు "కోర్టు ఎప్పుడైనా కాలిందా" అని అడగండి. ఈ దేశంలో ఇది వింత ప్రశ్నేం కాదు.

జనాభా లెక్కలకి వస్తే వరసగా మూడు దెబ్బలు తిన్నాను.

1840 అమెరికా లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే రాశారు. మిగతావాళ్లంతా వయసుల గడుల్లో అంకెలు. భర్త రెండేళ్ల ముందే పోయాడు కాబట్టి సామ్యూల్ అని వెతక్కూడదు, హన్నా అని వెతకాలి. నేను మూడు గంటలు సామ్యూల్‌నే వెతికా.

1841 ఇంగ్లండ్ లెక్కల్లో ఎందుకు చూశానో నాకే తెలీదు. అప్పటికి వాళ్లు వెళ్లిపోయి తొమ్మిదేళ్లు. అలవాటుగా వేళ్లు నొక్కేశాయి.

1850 అమెరికా లెక్కల్లో మొదటిసారిగా ఇంట్లో వాళ్లందరి పేర్లూ రాశారు (బానిసలుగా ఉన్నవాళ్ల పేర్లు మాత్రం రాయలేదు, వాళ్లకి వేరే జాబితా, అందులో వయసులే). ఇందులోనైనా డాక్టరమ్మ దొరుకుతుందనుకున్నా. డిగ్రీ వచ్చింది 1849 జనవరి 23న, న్యూయార్క్ రాష్ట్రంలో జెనీవా మెడికల్ కాలేజీలో. మరి ఏడాదిన్నరకి మనిషి ఏమైంది? ఏమీ కాలేదు, యూరప్‌లో ఉంది. 1849 ఏప్రిల్‌లో ఓడెక్కి పారిస్ వెళ్లి, అక్కడి ప్రసూతి ఆసుపత్రి లా మాటెర్నిటేలో చేరింది. పుట్టిన బిడ్డకి కళ్ల జబ్బు ఉంటే కడుగుతుండగా ఆ నీళ్లు ఆమె కంట్లో చిందాయి. ఎడమ కన్ను పోయింది, దాంతో సర్జన్ అవుదామన్న ఆశా పోయింది. 1851లో గానీ తిరిగి అమెరికా రాలేదు.

అప్పటినుంచీ నా పద్ధతి:
1. ముందు ఒక కాగితం మీద మనిషి ఏ ఏడాది ఏ దేశంలో ఉందో గీత గీసుకోవాలి.
2. జనాభా లెక్కలు తీసిన సంవత్సరాల్ని ఆ గీత మీద చుక్కలుగా పెట్టాలి.
3. చుక్క ఏ దేశం మీద పడితే ఆ దేశం లెక్కలే తెరవాలి.

ఈ గీత గుర్తుపెట్టుకోండి, దశ 5లో చార్టుని కాపాడింది ఇదే.

లెక్క: విషయాలు 66, ఏ 17, బి 28, సి 21. గంటలు 39. డాలర్లు 11.

దశ 4: వరసలు

ఇది ఇంగ్లీషులో చేస్తే రాని తలనొప్పి. ఇంగ్లీషు కాగితంలో "ఆంట్", "కజిన్", "సిస్టర్ ఇన్ లా" అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. తెలుగులో రాయాలంటే అమ్మ వైపా నాన్న వైపా, పెద్దా చిన్నా తేలాలి. తేలకపోతే గడి ఖాళీ. దీనివల్ల ఒక మేలు కూడా జరిగింది: ఇద్దరు అన్నదమ్ముల్లో ఎవరు పెద్దో రాయడానికి తేదీలు సరిచూస్తుంటే నేను హెన్రీనీ సామ్యూల్‌నీ తారుమారు చేసిన సంగతి బయటపడింది. సామ్యూల్ 1823, హెన్రీ 1825.

వరసలకి నా దగ్గరున్న రిఫరెన్సు మా అమ్మ. గుంటూరుకి వీడియో కాల్ చేసి చార్టు చూపించా.

"హెన్రీ పెళ్లాం లూసీ స్టోన్, సామ్యూల్ పెళ్లాం ఆంటోనెట్ బ్రౌన్. ఇద్దరూ ఓబర్లిన్ కాలేజీలో స్నేహితురాళ్లమ్మా."

"అయితే తోడికోడళ్లు. పెద్ద తోడికోడలు ఎవరు?"

"సామ్యూల్ పెద్దవాడు కాబట్టి ఆంటోనెట్. కానీ పెళ్లి ముందు లూసీకే అయింది, 1855లో. ఆంటోనెట్‌కి 1856. వయసులోనూ లూసీయే ఏడేళ్లు పెద్ద."

"అయితే ఏంటే? మొగుడి వరసే వరస. ఆంటోనెట్టే పెద్దది, రాసుకో."

తర్వాత చిన్నవాడు జార్జ్ పెళ్లి సంగతి చెప్పా. వాడు 1875లో చేసుకున్నది ఎమ్మా లారెన్స్‌ని, అంటే లూసీ తోబుట్టువు కూతుర్ని. అటువైపు కాసేపు నిశ్శబ్దం. "లూసీకి కూతురి వరస పిల్ల తోడికోడలైందా? హెన్రీకి కూతురి వరసైతే వాడి తమ్ముడికీ అంతేగా! మనలో అయితే ఈ పెళ్లి పడనివ్వరు." చార్టులో "వరసలు కలవవు" అని ఒక చిన్న నోటు పెట్టమంది కూడా. పెట్టలేదు.

పేర్లతో ఇంకో చిక్కు. ఆడవాళ్ల హక్కుల కోసం పోరాడిన లూసీ స్టోన్ పెళ్లయ్యాక కూడా ఇంటిపేరు మార్చుకోలేదు, ఆవిడ ప్రసిద్ధికి అదొక కారణం. నేను వాడిన ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముద్రణకి పంపేటప్పుడు భార్యలందరికీ భర్త ఇంటిపేరు తగిలించే సెట్టింగు ఆన్‌లో ఉంది. మొదటి కాపీలో "లూసీ బ్లాక్‌వెల్" అని పడింది. ఆవిడ చూసుంటే చార్టు చింపేసేది.

లెక్క: విషయాలు 79, ఏ 24, బి 43, సి 12. గంటలు 46. డాలర్లు 11.

దశ 5: చార్టే తప్పు

సాఫ్ట్‌వేర్ గీసిచ్చిన వంశవృక్షాన్ని A4 కాగితాల మీద ప్రింటు తీసి అతికించి నేల మీద పరిచా. వెడల్పు 72 అంగుళాలు. టేపు పెట్టి కొలిచా. సామ్యూల్, ఆంటోనెట్, వాళ్ల అయిదుగురు కూతుళ్లకి కలిపి 31 అంగుళాలు. ఎలిజబెత్‌కి రెండున్నర. ఎవరి కోసమైతే చార్టు చేస్తున్నానో ఆమె అంచున ఒక డబ్బాలో వేలాడుతోంది.

కారణం సులువే. పిల్లల్ని బట్టి జాగా పంచుతుంది ఆ ప్రోగ్రాం. ఈ ఇంట్లో అయిదుగురు ఆడపిల్లల్లో ఒక్కరూ పెళ్లి చేసుకోలేదు. అన్నా పత్రికలకి రాసింది, ఎలిజబెత్, ఎమిలీ డాక్టర్లు, ఎలెన్ బొమ్మలు వేసింది. ఈ కుటుంబం పేరు నిలబెట్టినవాళ్లు ఎక్కువమంది వంశవృక్షం లెక్కలో ఆగిపోయిన కొమ్మలే. ఎలిజబెత్ 1854లో కిట్టీ బారీ అనే ఏడేళ్ల ఐరిష్ అనాథని తెచ్చుకుని పెంచింది. ఆ పిల్ల ఆమెని "డాక్టర్" అని పిలిచేది, చివరిదాకా ఆమెతోనే ఉంది. పెంపకం కాబట్టి సాఫ్ట్‌వేర్ చుక్కల గీత పెట్టింది. యాభై ఆరేళ్లు కలిసి బతికినవాళ్లకి చుక్కల గీతేంటి, తీసేసి మామూలు గీతే పెట్టా.

చెట్టు ఆకారమే వదిలేశా. దశ 3లో చెప్పిన గీతల పద్ధతికి మారాను. ఒక్కో మనిషికి ఒక అడ్డ గీత, పుట్టుక నుంచి చావు దాకా, ఏ దేశంలో ఉంటే ఆ రంగు.

మొదట ఏడాదికి అర అంగుళం అనుకున్నా. తండ్రి పుట్టింది 1790, హెన్రీ, లూసీల కూతురు ఆలిస్ పోయింది 1950. 160 ఏళ్లు, అంటే 80 అంగుళాలు. కాగితం 72. అంగుళాలు మానేసి మిల్లీమీటర్లలోకి వచ్చా.

1. ఏడాదికి 11 మి.మీ. మొత్తం 1760 మి.మీ. కాగితం 1829, రెండు వైపులా 34 చొప్పున అంచు.
2. మనుషులు 21 మంది (తండ్రి అక్కచెల్లెళ్లని గీతలుగా కాకుండా ఆయన గీత కిందే పేర్లుగా పెట్టా). ఒక్కొక్కరికి 38 మి.మీ. ఎత్తు, మొత్తం 798. కాగితం ఎత్తు మూడడుగులు, అంటే 914. మిగిలిన 116 శీర్షికకి.
3. ఇంగ్లండ్, యూరప్‌లకి నీలం, అమెరికాకి ఇటుక రంగు.

గీశాక చూస్తే నేను అనుకోనిది కనిపించింది. ఎలిజబెత్ గీత 98 సెంటీమీటర్లు. అందులో ఇటుక రంగు 37, నీలం 61. 1869లో ఇంగ్లండ్ వెళ్లిపోయి, 1910 మే 31న చనిపోయేదాకా 41 ఏళ్లు అక్కడే ఉంది. "అమెరికా మొదటి మహిళా డాక్టర్" అని నేనే పెద్ద అక్షరాలతో శీర్షిక రాసుకున్నా, దాని కింద గీతేమో మూడింట రెండొంతుల దగ్గర దగ్గర నీలం. వలస వచ్చినవాళ్లంటే వచ్చి ఉండిపోయినవాళ్లే అనుకుంటాం, గ్రీన్ కార్డు క్యూలో ఉన్న మాకు కూడా ఇది తట్టలేదు. చెల్లెలు ఎమిలీది తలకిందులు. 1854లో క్లీవ్‌లాండ్‌లో డిగ్రీ, ఆ తర్వాత కొన్నాళ్లు మాత్రం పైచదువుకి యూరప్, చిన్నప్పటి ఇంగ్లండ్ ఏళ్లు పోను మిగతాదంతా ఇటుక రంగు. అక్కాచెల్లెళ్లు కలిసి 1857లో న్యూయార్క్‌లో పేద ఆడవాళ్లకీ పిల్లలకీ ఆసుపత్రి పెట్టారు, అక్క వెళ్లిపోయాక దాన్ని నడిపింది చెల్లెలు. ఇద్దరూ పోయింది ఒకే ఏడాది, అక్క మే నెలలో, చెల్లెలు సెప్టెంబరులో. రెండు గీతలూ పక్కపక్కనే ఆగుతాయి, మధ్యలో తేడా 3 మి.మీ.

కాస్మో ఓడ మీది ఏడు వారాలు ఈ స్కేలులో ఒకటిన్నర మి.మీ. దానికి రంగేమీ వెయ్యలేదు, తెల్లగా వదిలేశా.

ఆమె మరణం రికార్డు దగ్గర కూడా ఒక ఖర్చు. సమాధి స్కాట్లండ్‌లో కిల్మున్ అనే ఊళ్లో ఉంది కదా అని స్కాట్లండ్ రికార్డుల్లో డబ్బు కట్టి వెతికా, 10 డాలర్లు పోయాయి. పోయింది ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో. పూడ్చిన చోట కాదు, పోయిన చోట నమోదవుతుంది. ఇంగ్లండ్ సూచికలో ఏప్రిల్, మే, జూన్ కలిపి "జూన్" కింద ఉంటాయి, అది తెలీక "మే" కోసం ఇంకో అరగంట. నకలు తెప్పించడానికి 16 డాలర్లు.

లెక్క: విషయాలు 84, ఏ 33, బి 51, సి 0 (నిలబడని 9 తీసేశా). గంటలు 63. డాలర్లు 37.

దశ 6: ఒత్తులు

ముద్రణ దుకాణంలో చిన్న సైజు నమూనా తీయించా. "బ్లాక్‌వెల్" అన్నచోట బ పక్కన లకారం ఒత్తు కింద పడాల్సింది పోయి విడిగా, చుట్టూ చుక్కల సున్నాతో వచ్చింది. 21 గీతల్లో దాదాపు అందరి ఇంటిపేరూ అదే. వాళ్ల మెషీన్‌లో నా ఫాంటు లేదు, ఇంకేదో పెట్టేసింది. కౌంటర్‌లో అబ్బాయికి అది తప్పని తెలిసే అవకాశం లేదు, పాపం వాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. 14 డాలర్లు.

సరిచేసిన పద్ధతి:
1. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో అక్షరాలన్నీ ఎంచుకుని "ఆబ్జెక్ట్ టు పాత్" చెయ్యాలి. అక్షరం బొమ్మైపోతుంది, ఏ మెషీనూ చెడగొట్టలేదు.
2. దానికి ముందు అసలు ఫైలు వేరే పేరుతో దాచుకోవాలి. బొమ్మయ్యాక అక్షరదోషం దిద్దలేం.
3. పీడీఎఫ్‌ని ఫోన్‌లోనూ ఇంకెవరి కంప్యూటర్‌లోనూ తెరిచి చూడాలి.

రెండోది పాటించలేదు నేను. "హేస్టింగ్స్"ని "హెస్టింగ్స్" అని కొట్టా, దిద్దడానికి మళ్లీ మొదటినుంచి రెండు గంటలు.

ఇంకో కారణం ఉందన్నాను కదా. మా అమ్మ పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. అన్నా కుగ్లర్ ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ల మెడికల్ కాలేజీలో 1879లో డిగ్రీ తీసుకుని 1883లో గుంటూరు వచ్చింది. 1898లో ఆసుపత్రి తెరిచింది, 1930లో గుంటూరులోనే పోయింది. జెనీవా డిగ్రీకీ ఆవిడ గుంటూరులో దిగడానికీ మధ్య 34 ఏళ్లు, నా స్కేలులో 374 మి.మీ. చుట్టరికం లేదు కాబట్టి గీత వెయ్యలేదు. కింద అంచులో 1883 దగ్గర చిన్న బాణం పెట్టి "గుంటూరు" అని రాశా.

చివరి ముద్రణ 58 డాలర్లు. గోడ కొలిచింది నేనే, స్విచ్‌బోర్డు మర్చిపోయిందీ నేనే. కుడివైపు చివర నాలుగు సెంటీమీటర్లు దాని మీదకొచ్చింది. ఆలిస్ ఆఖరి ఆరు నెలలూ, అంచూ కలిపి వెనక్కి మడిచి టేపు వేశాం.

మొత్తం: మనుషులు 21, విషయాలు 84, గంటలు 74, డాలర్లు 109. ఫైలులో "హేస్టింగ్స్" దిద్దాను. స్విచ్‌బోర్డు లేని గోడ ఉన్నవాళ్లు అడిగితే పంపిస్తా.